సుంకి ఘాటీకి కరెంటు బస్సు వస్తే, బస్సులు బాగుచేసే మిస్త్రీ సిద్ధంగా ఉన్నాడా?

ఒడిశాలోని కొరాపుట్ నుంచి ఆంధ్రలోని సాలూరు వైపు దిగే డీజిల్ బస్సు డ్రైవరు సుంకి ఘాటీలో ఏం చేస్తాడో ఆ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. గేరు తగ్గించి, ఇంజిను బిగువు మీదే బండిని పట్టి ఉంచుతూ దిగుతాడు. బ్రేకును పొదుపుగా వాడతాడు. కరెంటు బస్సులో ఆ ఇంజినే ఉండదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మోటారే జనరేటరుగా మారి కరెంటు పుట్టిస్తుంది, దాన్ని బ్యాటరీకి పంపుతుంది, బండి నెమ్మదిస్తుంది.

మెలిక ఎక్కడంటే, బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటు ఉండదు. మోటారు పట్టు తగ్గి, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. తిరుమల ఘాట్‌లో 2022 సెప్టెంబరు నుంచి విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి కదా అనొచ్చు. అక్కడ ఛార్జింగ్ కింద అలిపిరిలో. బస్సు ముందు కొండ ఎక్కి కొంత కరెంటు ఖర్చు చేశాకే దిగుతుంది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రాత్రి నూటికి నూరు ఛార్జి పెట్టి పొద్దున్నే పంపితే, పెద్దగా కరెంటు ఖర్చు కాకముందే బస్సు దిగుడులో పడొచ్చు. కాబట్టి ఈ దారిలో బ్యాటరీని కొంచెం ఖాళీగా వదలాలి. ఈ సంగతి డ్రైవరుతో పాటు రాత్రి ప్లగ్గు పెట్టే ఖలాసీకీ తెలియాలి. అలిపిరిలో నేర్పిన పాఠాన్ని తెచ్చి ఇక్కడ అప్పజెబితే సరిపోదు.

కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం కింద 10,000 కరెంటు బస్సులు నడపాలన్నది లక్ష్యం. ప్రధానంగా 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు. దక్షిణ ఒడిశాలో ఆ లెక్కకు అందేది బరంపురం ఒక్కటే. రాయగడ, జయపురం, పర్లాకిమిడి వంటి చోట్ల ప్రయాణికులను మోసేది ఎక్కువగా ప్రైవేటు బస్సులు. వాటిని బాగుచేసేది రోడ్డు పక్క గ్యారేజీలు. ఆ షెడ్లలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. శిక్షణ అనగానే అధికారులకు గుర్తొచ్చేది మాత్రం డిపో సిబ్బందే. ఈ మిస్త్రీలు ఏ జాబితాలోనూ ఉండరు.

డిపోల్లోనైనా పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, మరమ్మతులూ కంపెనీవే. ప్రభుత్వం కిలోమీటరుకు ఇంత అని కట్టేస్తుంది. లెక్కల్లో బాగానే ఉంది. ఒప్పందం ముగిసేనాటికి బస్సును విప్పి చూడగలిగిన మనిషి ప్రభుత్వం వైపు మిగులుతాడా అన్నదే నా టెన్షన్.

ఇక అసలు పని. డీజిల్ బస్సులో ఉండేది 24 వోల్టులు. వైరు అలా తగిలించి మెరుపు చూసి 'కరెంటు వస్తోంది' అనడం చాలామంది మిస్త్రీలకు చేతి అలవాటు. కరెంటు బస్సులో నారింజ రంగు తొడుగున్న కేబుళ్లలో 600 వోల్టులు, అంతకు పైన కూడా ఉండొచ్చు. అక్కడ ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. ముందు రబ్బరు గ్లౌజులు తొడిగి, బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్గు పీకి, ఎవరూ మళ్లీ పెట్టకుండా తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగేదాకా కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఆ గ్లౌజును తొడిగే ముందు ప్రతిసారీ మూతి దగ్గర నుంచి చుట్టి, లోపలి గాలి ఎక్కడైనా బుస్సుమంటుందేమో చూడాలి. సూది మొన అంత చిల్లు ఉన్నా ఆ గ్లౌజు పక్కన పడేయాల్సిందే. నిమిషాలు గడిచాక మీటరు పెట్టి, సున్నా చూపిస్తేనే చేయి వేయాలి. ఇదంతా ప్రొజెక్టరు మీద బొమ్మలు చూపిస్తే రాదు. చేతితో చేయించాలి, తప్పు చేస్తే పక్కనుంచి ఆపే మనిషి ఉండాలి.

అలాగని పాత మిస్త్రీ పనికిరాడనుకుంటే పొరపాటు. ఎయిర్ బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగు, టైర్లు, తలుపులు, లైట్ల కోసం ఉండే ఆ 24 వోల్టుల బ్యాటరీ, అన్నీ కొత్త బస్సులోనూ ఉంటాయి. పోయేవి క్లచ్ ప్లేట్లు, గేర్‌బాక్సు, ఇంజెక్షన్ పంపు. వాటి మీదే బతికేవాళ్లకు దెబ్బ గట్టిగానే తగులుతుంది, కాదనను. అయినా, ఎయిర్ బ్రేకు తెలిసినవాడికి హై వోల్టేజీ జాగ్రత్తలు నేర్పడం, ఐటీఐ నుంచి నిన్న వచ్చిన కుర్రాడికి ఎయిర్ బ్రేకు పోకడ ఒంటబట్టించడం కన్నా తేలికని నా అభిప్రాయం.

ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే రెండేళ్ల ట్రేడు ఉంది. నలభై ఏళ్లు దాటి, ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న మిస్త్రీ రెండేళ్లు బెంచీ మీద కూర్చుంటాడా? అతనికి కావాల్సింది కొన్ని వారాల పని శిక్షణ. అదీ గ్యారేజీలో మాట్లాడుకునే ఒడియా, తెలుగు కలగలుపు భాషలో. ఆంగ్ల మాన్యువల్ చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటే కాగితం మీద శిక్షణ పూర్తయినట్టే ఉంటుంది.

డబ్బు ఎవరు పెట్టాలన్నది టెండరులోనే తేలాలి. ఇంతమంది స్థానిక మిస్త్రీలకు, ఖలాసీలకు నేర్పకపోతే కిలోమీటరు రేటులో కోత అని రాస్తే కంపెనీలు తప్పకుండా నేర్పుతాయి. బరంపురంలో పెట్టే వర్క్‌షాపులోకి ప్రైవేటు గ్యారేజీల వాళ్లనూ విడతలుగా రానివ్వాలి. వచ్చినన్ని రోజులూ పోయే కూలీ కట్టాలి. షెడ్డు మూసేసి, సంపాదన వదులుకుని శిక్షణకు రమ్మంటే ఏ మిస్త్రీ రాడు.