తూనీగకు ఆక్రమణ నోటీసు

చెరువుల సుందరీకరణ అంచనాల్లో ఒక పద్దు ఎన్నటికీ మారదు: ‘గట్టు వెంబడి పిచ్చిమొక్కల తొలగింపు’. గుర్రపుడెక్క, జమ్ము, తుంగ అన్నిటికీ ఒకటే రేటు. గుర్రపుడెక్కను పీకాల్సిందే. పరాయి దేశం నుంచి దిగి నీళ్ళను కప్పేసే రకం అది. జమ్ము, తుంగ చేసిన నేరమల్లా ఫొటోలో బాగుండకపోవడం. వాటిని పీకి రివిట్‌మెంట్ (గట్టు వాలుకు రాతి తాపడం), మెరిసే నల్ల గ్రానైట్ మెట్లు, రంగులు మార్చే లైట్లు పెడతారు. చివర్లో ‘ఐ లవ్’ అని మొదలయ్యే నిలువెత్తు అక్షరాలు తప్పనిసరి, అవి లేనిది ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదరదు.

ఇంత అభివృద్ధికి అడ్డుపడుతున్నది తూనీగ ఒక్కటే. పట్టా లేదు, పన్ను కట్టదు, కాపురమేమో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు) లోపల. నోటీసిచ్చి విచారణకు పిలవడమే ధర్మం.

“ఎన్నాళ్ళుగా ఉంటున్నావు?”

“మా పెద్దలు 30 కోట్ల ఏళ్ళ నాటి నుంచీ ఉన్నారు సార్” అంటూ తూనీగ ఫ్రాన్సు బొగ్గుగనుల్లో దొరికిన మెగాన్యూరా శిలాజాన్ని దాఖలు చేసింది. 1885లో షార్ల్ బ్రోంన్యార్ వర్ణించిన పురుగు, రెక్కలు చాపితే సుమారు 65 సెంటీమీటర్లు. అది అసలు తూనీగ కాదని, దాయాది వంశమని, దాయాదుల కాగితం చెల్లదని అధికారి తోసిపుచ్చారు. శాస్త్రం ప్రకారం ఆయనదే రైటు. కొట్టేయడానికి పనికొచ్చే శాస్త్రం మన ఆఫీసుల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

హాలు ఇరుకు, రెక్కలు మడుచుకొమ్మన్నారు. “వీపు మీద పరుచుకునేలా మడిచే కీలు మాకు లేదు సార్. ఈగలు, పేడపురుగులు, తేనెటీగల వంశానికి అది అబ్బింది, మాకు అబ్బలేదు. కానీ నాలుగు రెక్కలనూ దేనికది విడిగా ఆడించగలం.” గుమాస్తా ‘అభివృద్ధికి నోచుకోని జాతి’ అని రాసుకున్నాడు.

“వృత్తి?”

“దోమలు పట్టడం. పిల్లప్పుడు నీళ్ళలో, పెద్దయ్యాక గాల్లో. పిల్లప్పుడు కింది పెదవిని ముఖం కింద మడిచిపెట్టుకుని, దోమపిల్ల అందేంత దూరానికి రాగానే ఆ పెదవిని బయటకు విసిరి పట్టేస్తాం. మొప్పలు పురీషనాళంలో ఉంటాయి. ఎవరైనా తరిమితే అక్కడి నీటిని వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతాం.” ఇది బహిరంగ విసర్జన కిందికి వస్తుందా అని పారిశుద్ధ్య విభాగాన్ని అభిప్రాయం అడిగారు.

“ఈ పనికి టెండరు వేశావా?”

“ఉచితంగానే చేస్తున్నాం సార్.”

“మరి బిల్లు ఎవరి పేర పెట్టాలి?” తూనీగ దగ్గర జవాబు లేదు. దాని వాదన కొట్టేశారు.

ఇక నవ్వింది చాలు. ఆ జమ్ము కాడ ఎందుకు కావాలో అంచనా రాసే ఇంజనీరు ఒక్కసారి చదువుకుంటే ఏం పోయింది? తూనీగ పిల్ల నీళ్ళలో దాదాపు పదిసార్లు కుబుసం విడుస్తుంది. చివరిసారికి కాడ పట్టుకుని పైకెక్కుతుంది, సాధారణంగా రాత్రిపూట. వీపు పగిలి బయటపడ్డాక రెక్కలు సాగి గట్టిపడేదాకా గంటల తరబడి ఎగరలేదు. నున్నటి సిమెంటు గోడ మీద దాని గోళ్ళు ఎక్కడ దిగుతాయి? వాలినప్పుడు రెక్కలు దగ్గరకు చేర్చుకునే సన్నరకాలైతే మొక్క కాడనే కోసి అందులో గుడ్లు దోపుతాయి. కాడ పీకేస్తే ఆ సంతానం అంతటితో సరి.

గ్రానైట్ సంగతి ఇంకా ఘోరం. నీటి మీద పడి ధ్రువితమైన (ఒకే తలంలో కంపించే) కాంతిని బట్టి తూనీగ నీటిని గుర్తుపడుతుంది. నునుపు పట్టిన నల్లరాయి అచ్చం అలాంటి కాంతినే వెనక్కి పంపుతుంది. నల్లటి సమాధి రాళ్ళను నీళ్ళనుకుని తూనీగలు వాటిచుట్టూ తిరగడాన్ని హంగరీలో పరిశోధకులు నమోదు చేశారు. అంటే గట్టున బతికే చోటు పీకేసి, చెరువు చుట్టూ సమాధి రాళ్ళు పరిచామన్నమాట, అదీ ప్రజల డబ్బుతో! మెట్లు అంత ముద్దయితే ఒక్క వైపు కట్టుకోండి, గరుకు రాయితో. మిగతా గట్టును మట్టివాలుగా వదిలేయండి.

తూనీగలు పోయాక మందు పొగబండి వస్తుంది. పొగకు ఎగిరే దోమ చస్తుంది, దాంతోపాటు ఎగిరే తూనీగా చస్తుంది. నీళ్ళలోని దోమపిల్లకు ఏమీ కాదు. వారం పదిరోజుల్లో కొత్త దోమల దండు తయారు. తూనీగల్లో వాననీటి గుంటల్లో పెరిగే అతివేగం రకానికే అయిదారు వారాలు పడుతుంది, చాలావాటికి నెలలు కావాలి. పైగా డెంగీ దోమ పుట్టేది చెరువులో కానే కాదు. మేడ మీది కూలర్లో, పూలకుండీ కింది పళ్ళెంలో, పంక్చరు షాపు టైర్లలో పుడుతుంది. పగలు కుడుతుంది. మనమేమో సాయంత్రం చెరువు గట్టున పొగ పెడతాం.