చుక్కలు కలిపే అలవాటు గారికి ఒక చిన్న వాటాదారుడి విన్నపం

మహారాజశ్రీ చుక్కలు కలిపే అలవాటు గారి సముఖమునకు, మెల్‌బోర్న్ నగరపు పడమటి శివారు టార్నీట్ నుండి ఒక చిన్న వాటాదారుడు వ్రాయు విన్నపము. ఇచ్చట మేమందరము క్షేమం అని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. మా షేర్ల సంగతి ఆ వాక్యంలోకి రాదని మనవి. తమరు క్షేమంగా ఉన్నారని నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, ఎందుకంటే నిన్న రాత్రి పన్నెండున్నర దాకా తమరు నా చేతిలోని ఫోనులోనే కొలువుతీరి, ఒక వార్తకూ మరో వార్తకూ గీత కలిపిస్తూ ఉన్నారు.

మన పరిచయం 2022 సంక్రాంతి నాటిది. ఆ జనవరి మొదటి వారంలో మెర్సిడెస్ బెంజ్ సంస్థ విజన్ ఈక్యూఎక్స్ఎక్స్ అనే ప్రయోగాత్మక విద్యుత్ కారును లోకానికి చూపిస్తూ, అందులో ‘హే మెర్సిడెస్’ అన్న పిలుపును గుర్తుపట్టే పనిని బ్రెయిన్‌చిప్ అనే చిప్పు డిజైను సంస్థ వారి అకిడా చిప్పుతో చేయించామనీ, మామూలు స్వర నియంత్రణ కంటే అది ఐదు నుంచి పది రెట్లు పొదుపుగా ఉందనీ తన ప్రకటనలో రాసింది. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజీలో 2015 నుంచి ఉన్న బ్రెయిన్‌చిప్ షేరు, ఆ ఏడాది మొదట్లో డాలరు కంటే తక్కువకే దొరికేది కాస్తా, నెల తిరగకుండా రెండు డాలర్లు దాటిపోయింది.

పండుగ పూట మా అక్కావాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళాం. ఇక్కడ జనవరి అంటే మండు వేసవి. అక్క పొద్దున్నే గ్యారేజీ ముందు సిమెంటు వాకిలి కడిగి, పదిహేను చుక్కలు ఎనిమిది వచ్చేదాకా సందుచుక్కగా పెట్టుకుని, బియ్యప్పిండితో ముగ్గు కలుపుతోంది. బావగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫోనులో లెక్క కడుతున్నారు. ‘‘మెర్సిడెస్ వాడు ఏడాదికి ఇరవై లక్షల కార్లు అమ్ముతాడు. ఒక కారులో పెట్టాడంటే అన్నిట్లోనూ పెట్టక మానడు. కారుకు ఎన్ని డాలర్లు వేసుకుంటావో నీ ఇష్టం బావా, నేనైతే పదే వేస్తున్నాను’’ అన్నారు. వాళ్ళు చూపించింది అమ్మకానికి పెట్టని కారన్న చిన్న సంగతిని ఆ గుణకారంలో ఎక్కడ వేసుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు కాబట్టి దాన్ని వదిలేశాం. అక్క తల ఎత్తకుండానే, ‘‘ముగ్గు ముందు మనసులో ఉండాలండీ, చుక్కలు తర్వాత. చుక్కలు చూసుకుంటూ ముగ్గును ఊహిస్తే వాకిలంతా గీతలే మిగులుతాయి’’ అంది. ఆమె తన ముగ్గు గురించి మాట్లాడుతోందని ఇద్దరం అనుకున్నాం. గారెలు తిని, మధ్యాహ్నం మార్కెటు మూసేలోపల నేనూ కొన్నాను.

ఆ రోజు ఏ ధరకు కొన్నానన్నది ఈ లేఖలో రాయను. అది తమకు తెలుసు, మా ఆవిడకు తెలియదు, అలాగే ఉండనివ్వండి.

అలవాటు గారూ, ఒక్క మాట ముందే ఒప్పుకుంటున్నాను. తప్పు ఆ సంస్థది అని నేను అనడం లేదు. వాళ్ళు చెప్పింది వాళ్ళు చెప్పారు, చెప్పనిది మేం విన్నాం. ఆ చిప్పు సూత్రం నిజంగానే చక్కనిది. మామూలు ప్రాసెసరు కెమెరా నుంచి వచ్చే ప్రతి ఫ్రేమునూ, అందులో పూచికపుల్లంత మార్పు లేకపోయినా, మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ మళ్ళీ లెక్కిస్తూ పోతుంది. మెదడులోని నాడీకణాల తీరును అనుకరించే అకిడా మాత్రం ఏదైనా మారినప్పుడే, మారిన మేరకే పనిచేస్తుంది. అకిడా అంటే గ్రీకు భాషలో ములుకు అట. ఏదైనా జరిగితే ఒక ములుకు, ఏమీ జరగకపోతే మౌనం. కరెంటు ఆదా అంతా ఆ మౌనంలోనే ఉంది. ఇంత పొదుపైన సూత్రం మీద పుట్టిన కంపెనీలో వాటాలు కొన్న మేము మాత్రం సరిగ్గా దానికి తలకిందులుగా పనిచేస్తాం. ప్రకటన వెలువడిన రోజున పది నిమిషాలు చదివి ఊరుకుంటాం. ఏ ప్రకటనా లేని రోజున తెల్లవార్లూ మేలుకుంటాం. ఏమీ జరగనప్పుడే మా బుర్రలు వేడెక్కుతాయి. ఆ వేడికి కారకులు తమరే.

తమరు మాకు నేర్పిన లెక్కలో చుక్కలన్నీ ఒకే సైజు. 2020 డిసెంబరులో రెనెసాస్, 2021 నవంబరులో మెగాచిప్స్ అనే జపాను చిప్పుల కంపెనీలు ఆ చిప్పు డిజైనుకు లైసెన్సు తీసుకున్నాయి. అవి డబ్బుతో ముడిపడిన చుక్కలు. ఆ తర్వాత 2022లో ఆర్మ్, సైఫైవ్, ఇంటెల్ ఫౌండ్రీ, మరుసటి ఏడాది టాటా ఎలెక్సీ అంటూ భాగస్వాముల పేర్లు వరుసగా వచ్చాయి. మాకు లైసెన్సుకూ భాగస్వామ్యానికీ తేడా తెలియక కాదు. తమరు ఆ తేడా చూడనివ్వలేదు. పెళ్ళికి శుభలేఖ అందుకున్న వాళ్ళందరూ చదివింపులు చదివించరని మన ఊళ్ళలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. మేము మాత్రం శుభలేఖల జాబితా చూసుకుని చదివింపుల మొత్తం వేసుకున్నాం.

చదివింపుల పుస్తకం లేకపోలేదు. దాన్ని ఇక్కడ 4సీ అంటారు. ఇటువంటి చిన్న కంపెనీలు మూడు నెలలకొకసారి, ఆ త్రైమాసికం ముగిసిన నెలలోపు, ఎంత నగదు వచ్చింది, ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది అన్నది అందులో రాసి ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. అందుకే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలాఖరులు మా ఇళ్ళలో పరీక్షా ఫలితాల రోజుల్లా గడుస్తాయి. కంపెనీ ఆదాయం 2022లో సుమారు 50 లక్షల అమెరికన్ డాలర్లు. 2023లో అది రెండున్నర లక్షల కంటే తక్కువకు దిగింది, ఆ ఏడాది నష్టం మాత్రం రెండు కోట్ల డాలర్లకు పైనే. చదవడం వచ్చిన వాడికి ఆ రెండు అంకెలు చాలు. మాకు మాత్రం చాలలేదు, ఎందుకంటే పుస్తకం తెరిచిన ప్రతిసారీ తమరు పక్కన నిలబడి, ‘‘ఈ క్వార్టరు కాదు, వచ్చే క్వార్టరు చూడండి’’ అన్నారు. మా చిన్నప్పుడు ఊళ్ళో దయ్యం భయానికి ప్రతి ఇంటి గోడ మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతో రాసేవారు. ఆమె రోజూ రాత్రి వచ్చి, అది చదువుకుని, బుద్ధిగా వెనక్కి వెళ్ళిపోయేదట. అంత ఓపికగల దయ్యం కథను అప్పట్లో నేను నమ్మలేదు. ఇప్పుడు ఆ ఓపిక ఎలా వస్తుందో తెలిసింది.

ఇక నా సొంత ఘనకార్యం ఒకటి చెప్పాలి. సంస్థ వార్షిక నివేదికలో హైదరాబాదు పేరు కనబడిన రోజున, అక్కడ వాళ్ళకు ఇంజినీర్ల బృందం ఉందని తెలిసి, నాకు మా ఊరివాడు ఐఏఎస్ అయినంత సంబరం కలిగింది. వెంటనే మాదాపూరులో వేరే చిప్పుల కంపెనీలో పనిచేసే మా పిన్నికొడుక్కి ఫోను చేశాను. వాడు ఓపికగానే చెప్పాడు. ‘‘అన్నయ్యా, ఇటువంటి కంపెనీ చిప్పులు అమ్మదు, డిజైను అమ్ముతుంది. కొన్నవాడు దాన్ని తన చిప్పులో ఇముడ్చుకోవాలి, తుది డిజైను ఖాయం చేసి, అంటే టేపౌట్ చేసి, చిప్పులు తయారుచేసే ఫౌండ్రీకి పంపాలి, వచ్చిన నమూనాను పరీక్షించాలి, తప్పులుంటే మళ్ళీ మొదటికి రావాలి. ఆ చిప్పు పెట్టిన వస్తువు అంగడికి వచ్చి అమ్ముడుపోతే, అప్పుడు ఒక్కోదానికి ఇన్ని సెంట్లని రాయల్టీ. ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఫోన్ల చిప్పుల్లో ఏఐ పనికి ఒక మూల ముందే కేటాయించేసి ఉన్నారు, దాన్ని పెద్ద కంపెనీలు ఊరికే ఇస్తున్నాయి. మీరు దీన్ని గెలవాలి.’’ నేను మరి రెండు ప్రశ్నలు అడిగేసరికి, ‘‘టెస్టింగులో ఉన్నాను, తర్వాత మాట్లాడతా’’ అని పెట్టేశాడు. బుద్ధిమంతుడైతే ఆ మాటలు విని అమ్మేసేవాడు. నేను ఆ రాత్రి తమ సహాయంతో ఆలోచించి, వాడు అంత తొందరగా ఫోను పెట్టేశాడంటే ఏదో తెలిసే ఉంటుందని తేల్చుకుని, మరో వెయ్యి షేర్లు కొన్నాను.

తమ శాస్త్రంలో నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఈ ఎన్‌డీఏ, అంటే గోప్యతా ఒప్పందపు సిద్ధాంతం. ఏదైనా పెద్ద కంపెనీ తన కొత్త వస్తువు తక్కువ కరెంటుతో నడుస్తుందని చెప్పి, అకిడా పేరు చెబితే అది రుజువు. పేరు చెప్పకపోతే గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టారన్నమాట, కాబట్టి అది ఇంకా పెద్ద రుజువు. ‘మేము వాడటం లేదు’ అని వాళ్ళే చెబితే, అలా ఎందుకు చెప్పాల్సివచ్చింది అన్న ప్రశ్న మిగులుతుంది. గణనీయమైన అమ్మకం జరిగితే దాన్ని వెంటనే మార్కెటుకు తెలియజేయాలన్న నియమం ఈ దేశంలో ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, వాళ్ళు షార్టర్లు, అంటే ధర పడుతుందని పందెం కాసేవాళ్ళు. ఆ షార్టు పొజిషన్ల లెక్కను ప్రభుత్వ నియంత్రణ సంస్థ నాలుగు పనిరోజుల ఆలస్యంతో ప్రచురిస్తుంది. బావగారు దాన్ని పంచాంగంలా రోజూ చూస్తారు. ధర తగ్గితే షార్టర్ల కుట్ర, పెరిగితే షార్టర్లు భయపడి కొంటున్నారు. మార్కెటు మూసి ఉన్న శని ఆదివారాలే వాళ్ళ ప్రమేయం లేని రోజులు.

ధర 20 సెంట్ల కిందికి వచ్చిన రోజుల్లో తమరు మీ తమ్ముణ్ణి, అంటే సగటు తగ్గించే అలవాటు గారిని, మా ఇంటికి పంపారు. ఆయన మీకంటే మర్యాదస్థుడు, మాట్లాడకుండా క్యాలిక్యులేటర్ చేతికిస్తాడు. ప్రియంగా కొన్నదానికి చవకగా కొన్నది కలిపితే సగటు దిగుతుందన్నది నిజమే. పెట్టిన డబ్బు ఎక్కుతుందన్న సంగతి మాత్రం ఆ క్యాలిక్యులేటరులో చూపించదు. అటుపక్క సంస్థ ఎల్‌డీఏ క్యాపిటల్‌ అనే పెట్టుబడి సంస్థతో 2020లో చేసుకున్న ఏర్పాటు కింద, ఖర్చులకు డబ్బు కావలసినప్పుడు కొత్త షేర్లు పుట్టించి ఇస్తూ వచ్చింది. ఆదాయం రాని కంపెనీ బతకాలంటే వేరే దారి లేదు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇంట్లో మజ్జిగ అంతే ఉండి, వచ్చే చుట్టాలు పెరుగుతుంటే ఏం చేస్తామో మా అమ్మను అడిగితే చెబుతుంది. 2025 మొదటికే షేర్ల సంఖ్య దాదాపు 200 కోట్లకు చేరింది. నా గ్లాసు నిండుగానే ఉంది, తాగితే తెలుస్తోంది.

ఇక్కడ పన్ను చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే లాభంలో సగానికే పన్ను. మేము ఆ ఏడాది షరతును ఎన్నడో పూర్తిచేశాం, రెండో షరతైన లాభమొక్కటే మిగిలి ఉంది.

కోపం రాలేదా అంటే వచ్చింది. 2023 సర్వసభ్య సమావేశంలో యాజమాన్యపు జీతాల నివేదికకు వ్యతిరేకంగా పాతిక శాతానికి మించి ఓట్లు పడ్డాయి, 2024లో మళ్ళీ పడ్డాయి. రెండేళ్ళు వరుసగా అలా పడితే బోర్డును మార్చాలా అని ఇంకో ఓటు పెట్టాలన్నది ఇక్కడి చట్టం. ఆ ఓటులో బోర్డే నిలబడింది. ఉదయం జీతాల మీద మండిపడినవాళ్ళే, మధ్యాహ్నానికి ‘ఇప్పుడు మార్చితే లోపల నడుస్తున్న ఒప్పందాలు ఏమవుతాయో’ అని వెనక్కి తగ్గారని నా అనుమానం. ఆ లోపల నడుస్తున్న ఒప్పందాలు ఎవరి సృష్టో తమకు తెలుసు.

2024 మార్చిలో అకిడా చిప్పు ఒక ఉపగ్రహంలో కూర్చుని అంతరిక్షానికి వెళ్ళింది. ఆ రోజు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. అక్కడ కరెంటు పొదుపంటే మాటలు కాదు. ఆ సంతోషాన్ని ఒక్క పూట అలాగే ఉంచుకోనిచ్చి ఉంటే తమకు రుణపడి ఉండేవాణ్ణి. చిప్పు బాగుందా అన్నది ఒక ప్రశ్న, ఈ ధరకు షేరు బాగుందా అన్నది వేరే ప్రశ్న. ఆ రెండు చుక్కల మధ్య గీత లేదు. తమరు మాత్రం సాయంత్రానికల్లా ఆకాశంలోని ఉపగ్రహాలన్నీ లెక్కపెట్టించి, ఒక్కోదానికి ఎన్ని చిప్పులో వేయించారు.

అందువల్ల నేను కోరుకునేది ఇంతే. తమరు మా ఇంటి నుండి మూడు నెలలు, అంటే ఒక్క త్రైమాసికం, సెలవు తీసుకోండి. ఈసారి 4సీ వచ్చిన రోజున నేను మొదటి పేజీలో ‘కస్టమర్ల నుండి వచ్చిన నగదు’ అన్న ఒక్క వరుస చదివి, ఆ అంకెను ఒక కాగితం మీద రాసి, ఫోను పక్కన పెట్టి పడుకుంటాను. బావగారికి కూడా ఇదే చెప్పి చూశాను. ‘‘నువ్విలా మాట్లాడుతున్నావంటే ఎవరో చెప్పారన్నమాట, ఎవరు బావా?’’ అని అడిగారు.

ఈ లేఖకు తమరు దయచేసి ఏదో ఒక జవాబు రాయండి, ‘కుదరదు’ అన్న ఒక్క ముక్కైనా సరే. జవాబు రాకపోతే మాత్రం, మన మధ్య ఏదో గోప్యతా ఒప్పందం కుదిరిందనే అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
తన సగటు ధర బయటపెట్టని,
తమ విధేయుడు.