శాలువా అంచు

పోయిన సంచికలో డిసెంబరు సన్మానం ఫొటో చూసే ఉంటారు. మన ప్రవాసుల సంఘం హైదరాబాదులో చేసిన తల్లిదండ్రుల సన్మానం. వేదిక మీద పెద్దలు, వెనక బ్యానరు, ముందు వరసలో కార్యవర్గం. కుడివైపు చివర జానెడు మెరూన్ రంగు గుడ్డ కనబడుతుంది చూడండి. అది మా నాన్న శాలువా. ఫొటోలో శాలువా పడింది, మనిషి పడలేదు.

ఆ రోజు చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించింది నేనే. శాలువా కప్పారు, జ్ఞాపిక చేతిలో పెట్టారు. ముఖ్య అతిథి త్యాగమూర్తుల గురించి ఎత్తుకున్నారో లేదో, నాన్న మైకు దగ్గరికి నడిచి “నైట్ షిఫ్టు బస్సు వచ్చిందా?” అని అడిగాడు. బాలానగర్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో రిటైరై పాతికేళ్లు దాటింది. హాలంతా నవ్వింది. రెండోసారి అడిగితే కొందరే నవ్వారు. మూడోసారి అరిచాడు. ఫొటోగ్రాఫరు నావంక చూసి “పెద్దాయన్ని కొంచెం పక్కకి, సార్” అన్నాడు. నేను తల ఊపాను. అప్పటికీ శాలువా అంచు పడనే పడింది.

కాబట్టి కార్యవర్గం మీద నాకు కోపం ఉండకూడదు. ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే మహాసభల్లో యువత గదిలో వేయడానికి సినిమా చెప్పమన్నారు. నేను ‘లోగన్’ అన్నాను. “అది చిన్నపిల్లల సూపర్ హీరో సినిమా కదండీ” అన్నారొకరు. చూసినాయన అందుకుని “చిన్నపిల్లలదా! నరుకుడే నరుకుడు. పైగా చివర్లో హీరో పోతాడు. పండగపూట ఎందుకండీ?” అన్నారు. రెండు అభ్యంతరాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. సినిమా మాత్రం కొట్టేశారు.

2017లో జేమ్స్ మాన్‌గోల్డ్ తీశాడు. 2000 నుంచి హ్యూ జాక్‌మన్ వేస్తున్న సూపర్ హీరో వుల్వరిన్ వేషమే (లోగన్ అంటే అతనే), కానీ కథ 2029లో. గాయం తగిలితే ఇట్టే మానిపోయే ఒళ్లు ఇప్పుడు మానడం లేదు. ఎముకలకు తొడిగిన లోహమే లోపల్నుంచి విషమై తినేస్తోంది. దగ్గరి అక్షరం కనబడాలంటే కళ్లజోడు తగిలించుకోవాలి. లిమోజిన్ నడుపుకుంటూ, వచ్చిన డబ్బుతో మందులు కొంటుంటాడు. ఆ మందులు తొంభై దాటిన చార్లెస్ జేవియర్‌కి. ఒకప్పుడు ఎదుటివాళ్ల మనసుల్లోకి దూరి చూసిన గురువు, ఇప్పుడు తన మనసే తన చేతుల్లో లేదు. మందు తప్పి మూర్ఛ వచ్చిందా, చుట్టుపక్కల వాళ్లంతా ఊపిరాడక కొయ్యబారిపోతారు. అందుకే మెక్సికోలో ఒక పాడుబడ్డ ఫ్యాక్టరీ దగ్గర, పడిపోయిన ట్యాంకులో ఆయన్ని దాస్తారు. ప్రపంచాన్ని కాపాడే పని ఏమీ లేదు. గోలీ మింగించాలి, తిట్లు తినాలి, ఎత్తుకుని మెట్లెక్కించి పడుకోబెట్టాలి. నరుకుడు ఉన్నమాట నిజమే, కాదనను. కానీ ఆస్కార్ వాళ్లు నామినేట్ చేసింది స్క్రీన్‌ప్లేని. లైవ్ యాక్షన్ సూపర్ హీరో సినిమా రచనకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

సినిమా విడుదలైన ఆ మార్చిలో నేను హైదరాబాదులోనే ఉన్నాను, మేనకోడలి పెళ్లికి. కాలేజీ రెండో ఏడు చదువుతున్న మావాడు ప్రసాద్స్ థియేటరుకి లాక్కెళ్లాడు. నాన్న కూడా వచ్చాడు, అప్పటికి నిక్షేపంలా ఉన్నాడు. ఇంటర్వెల్లో సమోసా చేతిలో పెట్టుకుని “వీళ్లు ఆయనకి డోసు వేళకి ఇవ్వట్లేదురా” అన్నాడు. మందుల ఫ్యాక్టరీ మనిషి కదా, సినిమాలో ఆయనకి కనబడింది అదే. మేం నవ్వుకున్నాం.

ఇప్పుడు అటెండెంటు కుర్రాడు నాకు వాయిస్ మెసేజీలు పెడతాడు. “తాత ఇయ్యాల కూడా గోలీ ఉమ్మిండు సార్.” వింటాను, బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపిస్తాను. మల్కాజ్‌గిరిలో ఉన్న మా చెల్లెలు మాత్రం మాత్రను చెంచాతో నూరి, అరటిపండు ముక్కలో పెట్టి “నాన్నా, క్యూసీ శాంపిలు వచ్చింది, చూసి సంతకం పెట్టాలి” అంటుంది. క్యూసీ అంటే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్ష. ఆయన కళ్లజోడు సర్దుకుని, నమిలి, కాసేపు ఆలోచించి, కరెంటు బిల్లు వెనక సంతకం పెడతాడు. ఒక్కోరోజు “రిజెక్ట్” అని రాస్తాడు. అప్పుడు ఇంకో అరటిపండు.

సినిమాలో ఒక రాత్రి జేవియర్ పక్క మీద పడుకుని, గుమ్మంలో ఉన్నది లోగనే అనుకుని మనసు విప్పి మాట్లాడతాడు. అక్కడున్నది లోగన్ కాదు, అదే మొహంతో తయారుచేసిన ఇంకొకడు. ఆదివారం వీడియో కాల్లో నాన్న నన్ను చూసి “ఎవరు?” అన్నప్పుడల్లా నాకా గుమ్మం గుర్తొస్తుంది. ఆయన అడిగేది సరైన ప్రశ్నేనేమో.

మన ఇళ్లల్లో ఇలా ఉండేది కాదు, నిజానికి. మా అత్తయ్య పెళ్లి ఫొటోలో మతి సరిగా లేని చినతాత సరిగ్గా మధ్యలో, నోరు తెరుచుకుని ఉంటాడు. ఆయన్ని పక్కకి జరపాలని ఎవరికీ తోచలేదు. (పెళ్లివారు వెళ్లాక మళ్లీ వెనక గదిలో పెట్టి గొళ్లెం వేసేవారు, అది వేరే సంగతి.)

కార్యవర్గం బాధ నాకు తెలియంది కాదు. ఏడాదికోసారి సెలవు పెట్టుకుని, హోటల్ బుక్ చేసుకుని వచ్చేవాళ్లకి నవ్వు కావాలి, బిర్యానీ కావాలి, ఆ తర్వాత పాటలు. పిల్లలకి వేయొద్దు, సరే. ఒక్క మధ్యాహ్నం ఒక చిన్న గది ఇవ్వండి. కాలేజీ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ కలిసి చూస్తారు. తర్వాత అరగంట ఎవరింట్లో గోలీ ఎలా మింగిస్తున్నారో చెప్పుకుంటాం. ముఖ్య అతిథి వద్దు, శాలువాలు అసలే వద్దు. మా చెల్లెల్ని ఫోన్లో కలుపుతాను, అక్కడ తెల్లవారుజామైనా లేస్తుంది. ఎలాగూ నాన్న ఆ వేళకి లేచి బస్సు కోసం కూర్చుంటాడు.

అసలు ఫొటో ఫొటోగ్రాఫరు నాకు పంపాడు. అందులో నాన్న శాలువా జారిపోతుంటే నోరు తెరిచి హాలు తలుపు వైపు చూస్తున్నాడు. పక్కన నేను తల ఊపుతున్నాను. ఈ వ్యాసంతో పాటు సంపాదకులకు పంపుతున్నాను. కత్తిరించకుండా వేయండి.