కొత్త వాకీటాకీ కొనేముందు చెవి సంగతి చూడండి

మొదటి వాకీటాకీ కొన్న కొన్నాళ్లకే హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే అలవాటు) మనిషికి ఒక జ్వరం పట్టుకుంటుంది. చేతిలో ఉన్న సెట్ మీద చిన్నచూపు మొదలవుతుంది. రంగుల తెర, జీపీఎస్, డిజిటల్ మోడ్, పక్కన 10 వాట్లు అని రాసి ఉన్న ఇంకో సెట్ కలలోకి వస్తుంది. అది చేతికొస్తే ఇప్పుడు అందని స్టేషన్లన్నీ వరసకట్టి పలుకుతాయనిపిస్తుంది. నేనూ ఆ జ్వరం పడి లేచినవాణ్ణే. 5 వాట్ల సెట్‌ను సొరుగులో పడేసి, రెట్టింపు వాట్లది తెచ్చుకున్నాను. దూరం పెరగలేదు గానీ, రెండు నిమిషాలు మాట్లాడితే సెట్ మాత్రం చెయ్యి కాలేలా వేడెక్కేది.

ఎందుకు పెరగలేదో తర్వాత లెక్క వేసుకుంటే సిగ్గేసింది. సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. పవర్ రెట్టింపు చేస్తే దక్కేది 3 డెసిబెల్స్. అవతలివాళ్ల మీటర్ మీద ఒక్క ఎస్-యూనిట్ (సిగ్నల్ బలం చూపే ఒక గీత) పెరగాలంటే 6 డెసిబెల్స్ కావాలి, అంటే పవర్ నాలుగింతలు కావాలి. నేను అంత ఖర్చుపెట్టి కదిపింది అర గీత. మాట్లాడినంతసేపూ బ్యాటరీ మాత్రం దాదాపు రెట్టింపు వేగంతో కరిగిపోయింది.

అసలు ఈ చేతి సెట్లు వాడే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు చాలావరకు చూపు సాగినంత దూరమే వెళ్తాయి. సెట్ ఉన్న ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియోకు కనిపించే అంచు ఎన్ని కిలోమీటర్లలో ఉందో తెలుస్తుంది. మైదానంలో నిలబడి ముఖం దగ్గర సెట్ పట్టుకున్న మనిషికి ఆ అంచు దాదాపు 5 కిలోమీటర్లు. ఇద్దరూ అలాగే నిలబడితే మొత్తం 10. మధ్యలో ఇళ్లూ చెట్లూ ఉంటే అదీ ఉండదు. అదే మనిషి 100 మీటర్ల గుట్ట ఎక్కితే తన అంచు ఒక్కటే 41 కిలోమీటర్లకు వెళ్తుంది. సెట్ అదే, వాట్లు అవే. ఇంకా విచిత్రం చూడండి. భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హామ్ రిపీటర్ (విన్న మాటను వెంటనే ఇంకో ఫ్రీక్వెన్సీ మీద తిరిగి పంపే సెట్) ఉంది. 145.990 మెగాహెర్ట్జ్ మీద 67 హెర్ట్జ్ టోన్‌తో (రిపీటర్‌ను తెరిచే తాళంచెవి లాంటి ధ్వని) పంపితే, 437.800 మీద తిరిగి వినిపిస్తుంది. 5 వాట్ల చేతి సెట్‌తో దాన్ని అందుకున్నవాళ్లు ఎందరో. అదే సెట్‌తో రెండు గుట్టల అవతల ఉన్న స్నేహితుణ్ణి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు.

కాబట్టి దూరమే కావాలనుకునేవాళ్లు ముందు సెట్‌ను వదిలి యాంటెన్నా వైపు చూడాలి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. సెట్‌తో పాటు వచ్చే రబ్బరు ముక్క అందులో మూడో వంతు కూడా ఉండదు చాలాసార్లు. లోపల తీగను చుట్టలు చుట్టి ఎలాగో సర్దుతారు. జేబుకు అది సుఖం, సిగ్నల్‌కు కష్టం. దాని స్థానంలో పూర్తి పొడవు విప్ యాంటెన్నా (సన్నని కడ్డీ) బిగించి, సెట్ వైపు గ్రౌండ్‌కు ఇంకో 50 సెంటీమీటర్ల తీగ వేలాడదీస్తే (హామ్‌లు దీన్ని పులితోక అంటారు) తేడా చెవికే తెలుస్తుంది. కొనేటప్పుడు యాంటెన్నాను బిగించే ఎస్ఎంఏ కనెక్టర్ మీ సెట్‌కు సరిపోయే రకమో కాదో చూసుకోండి. ఈ చిన్న పొరపాటు చేయనివాళ్లు తక్కువ.

మరి ఖరీదైన సెట్ అక్కర్లేదా? అక్కరుంటుంది. కాకపోతే ఆ డబ్బు చాలావరకు నోటికి కాదు, చెవికి పెట్టాలి, అంటే సిగ్నల్‌ను వినే రిసీవర్‌కు. బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనే చవక సెట్ 2012లో వచ్చాక హామ్ రేడియోలోకి అడుగుపెట్టడం చాలామందికి సులువైంది. ఆ కాలం నుంచి చవక సెట్లలో దాదాపు రేడియో అంతా ఒకే చిప్‌లో ఒదుగుతోంది. ఆ ఒదుగుడుకు ఒక మూల్యం ఉంది. ఊరి చివర ప్రశాంతంగా ఉన్నచోట ఇలాంటి సెట్ బాగానే వింటుంది. టవర్లు నిండిన గుట్ట మీదకు తీసుకెళ్తే, పక్కనున్న బలమైన సిగ్నళ్ల ధాటికి రిసీవర్ తట్టుకోలేక చెవిటిదైపోతుంది. తెర మీద గీతలన్నీ నిండుగా ఉంటాయి, వినాల్సిన గొంతు మాత్రం వినపడదు. సంతలో నిలబడి గుసగుస వినాలనుకోవడం లాంటిదే అది.

మంచి సెట్లలో దీనికి మందు సూపర్‌హెటరొడైన్ రిసీవర్. వచ్చిన సిగ్నల్‌ను ముందు ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చి, అక్కడ సన్నని ఫిల్టర్ గుండా వడకడతారు. పక్క సిగ్నళ్లు చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఇది ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో చేసిన ఆలోచన. ఎఫ్ఎంకు 1933లో పేటెంట్లు పొందిందీ ఆయనే. వందేళ్లు దాటిన పద్ధతి కోసం ఇప్పుడు అదనంగా చెల్లిస్తూ దాన్నే అప్‌గ్రేడ్ అంటున్నాం.

పంపేవైపు కూడా ఒక సంగతుంది. ఫిల్టర్లు బలహీనంగా ఉన్న సెట్ 145 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంటే దాని మూడింతలైన 435 మీద కూడా కొంత చెత్త పోస్తుంది. అక్కడ ఇంకో హామ్ బ్యాండ్ ఉంది, అక్కడా మనలాంటివాళ్లే ఉంటారు. లైసెన్స్ చేతికి వచ్చినప్పుడు ఆ బాధ్యత కూడా దానితోనే వచ్చింది.

ఇక గొంతును అంకెలుగా మార్చి పంపే డిజిటల్. అప్‌గ్రేడ్ అనగానే చాలామందికి ముందు తోచేది ఇదే, ఎక్కువ చిక్కులున్నదీ ఇక్కడే. ఇందులో రకాలున్నాయి. డీఎంఆర్ యూరప్‌లోని ఈటీఎస్ఐ అనే టెలికాం ప్రమాణాల సంస్థది. డీ-స్టార్‌ను జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ రూపొందించింది. సీ4ఎఫ్ఎంతో నడిచే సిస్టం ఫ్యూజన్ యేసు (Yaesu) అనే రేడియో కంపెనీది. మూడూ గొంతును కుదించడానికి ఏఎంబీఈ కుటుంబానికి చెందిన పద్ధతులనే వాడతాయి, అయినా ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. అన్నదమ్ములే గానీ మాటల్లేవు. నలుగురు స్నేహితులు నాలుగు రకాల సెట్లు కొంటే, చివరికి అందరూ కలుసుకునేది పాత ఎఫ్ఎం మీదే. మీ చుట్టుపక్కల రిపీటర్ ఏ భాష మాట్లాడుతుందో తెలుసుకోకుండా డిజిటల్ సెట్ కొనడం తొందరపాటు.

డీఎంఆర్‌లో లాభం లేదనను. 12.5 కిలోహెర్ట్జ్ చానెల్‌ను రెండు కాలఖండాలుగా పంచుతుంది. ఒకే రిపీటర్ మీద రెండు సంభాషణలు నడుస్తాయి. సెట్ సగం సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ మిగులుతుంది. కానీ సెట్ పెట్టె తెరవగానే మాట్లాడేయలేరు. చానెళ్లు, జోన్లు, కలర్ కోడ్, టాక్‌గ్రూపులు అన్నీ కలిపి కోడ్‌ప్లగ్ అనే సెట్టింగుల ఫైలు రాసుకోవాలి. మొదటిసారి ఒక వారం తల బొప్పికడుతుంది. ఇంట్లో హాట్‌స్పాట్ (సెట్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పెట్టె) పెట్టుకుంటే ఖండాంతరాలకు మాట్లాడొచ్చు, నిజమే. అందులో మీ రేడియో వైపు నుంచి తరంగం ప్రయాణించింది మంచం నుంచి బల్ల దాకా, మిగిలినదంతా ఇంటర్నెట్. ఇంకొకటి, సిగ్నల్ సన్నగిల్లినప్పుడు ఎఫ్ఎం హోరులోంచి కూడా మన చెవి సగం మాటలు పట్టుకుంటుంది. డిజిటల్ గొంతు కాసేపు మరబొమ్మలా గరగరలాడి, ఠక్కున ఆగిపోతుంది. కొండల్లో దారి తప్పినవాళ్ల కోసం వెతికేటప్పుడు నేనైతే ఎఫ్ఎంనే నమ్ముతాను.

వానలో తిరిగేవాళ్లకు ఐపీ67 రేటింగ్ అవసరమే, మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుంది. ఎక్కడున్నామో ఆ వివరాన్ని రేడియో మీదే పంపే ఏపీఆర్ఎస్ కూడా అక్కరకొస్తుంది. రంగుల తెర మీద నాకు పెద్దగా మోజు లేదు. ఎండలో అది ఎలాగూ కనిపించదు.

కొత్తది అవసరమా కాదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎవరి దగ్గరైనా మేడ మీద యాంటెన్నా ఉంటే, కాసేపు మీ పాత సెట్‌కు తగిలించి వినండి. ముందుకన్నా ఎక్కువ స్టేషన్లు వినిపిస్తే మీకు కావలసింది యాంటెన్నా. ఉన్న స్టేషన్లు కూడా హోరులో మాయమైతే రిసీవర్ చేతులెత్తేసిందని అర్థం, అప్పుడు కొత్త సెట్ కొనండి. నేను ఈ పరీక్ష చేసింది డబ్బు పోగొట్టుకున్నాక. నా 10 వాట్ల సెట్ ఇప్పుడు ఎప్పుడూ లో పవర్ మీదే ఉంటుంది, దాని మీద యాంటెన్నా మాత్రం మూర పొడవుంటుంది.