గీత కొట్టిన ధర గారికి

మహారాజశ్రీ గీత కొట్టిన ధర గారికి, మీ పాత ఖాతాదారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కుశలం మీ వైపే కాస్త ఎక్కువ.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. మీరు నడుం మీద ఎర్రగీతతో ఒక చక్రాల సూట్‌కేసుకి వేలాడుతున్నారు. కిందే మీ తమ్ముడు, మీకంటే 70 శాతం బక్కగా, చివర్లో తొమ్మిదులు తగిలించుకుని. సత్యప్రమాణంగా చెబుతున్నాను, నేను సూట్‌కేసు వైపు చూడలేదు. మీలోంచి మీ తమ్ముణ్ణి తీసేసి, అంత డబ్బు మిగిలిందని సంబరపడ్డాను. జేబులోంచి పోతుంటే కూడా మిగిలినట్టు అనిపించడం మీ చలవే. ఆ మిగిలింది ఎక్కడుందని ఇంట్లో ఇప్పటికీ అడుగుతున్నారు.

మూడో ప్రయాణానికి చక్రం ఊడింది. బోర్లించి చూస్తే ఇరుసు ప్లాస్టిక్‌ది. చక్రాన్ని రివెట్లతో కొట్టేశారు, స్క్రూలైతే విప్పి ఇంకోటి బిగించుకునేవాణ్ణి. లోపల అస్తరు జిప్పు తీసి చెయ్యి పెడితే ఇదంతా కొనేటప్పుడే తెలిసేది. అరనిమిషం పని. నా అరనిమిషం మీ తీసివేత లెక్కలో అయిపోయింది.

చక్రం అంటే గుర్తొచ్చింది. ట్వెర్‌స్కీ, కానెమన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1974లో ఒక ప్రయోగం గురించి రాశారు. అంకెలున్న చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే మతలబు చేసిపెట్టారు. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడుగుతారు. 10 చూసినవాళ్ళు అటూ ఇటూగా 25 అన్నారు, 65 చూసినవాళ్ళు 45 అన్నారు. చక్రానికీ ఆఫ్రికాకీ ఏం సంబంధం అంటారా? మీకూ సూట్‌కేసుకీ ఉన్నంత. అయినా వాళ్ళ చక్రం కనీసం తిరిగింది.

రెండోసారి బుద్ధొచ్చింది. పిండి కొద్దీ రొట్టె కదా అని అన్నిటికంటే ఖరీదైనది కొన్నాను. ఈసారి మీకు గీత లేదు, పొగరు మాత్రం ఉంది. పెట్టె మీద కంపెనీ పేరు అరచేతంత. నెలరోజులు అది నీళ్ళమీద పడవలా సాగుతున్నట్టే అనిపించింది. తర్వాత బోర్లించాను. అవే రివెట్లు.

నన్నొక్కణ్ణే వెర్రివాణ్ణి అనుకోకండి. 2008లో అమెరికాలో 82 మందికి కొత్త నొప్పి మందు అని చెప్పి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. కొందరికి దాని పూర్తి ధర చెప్పారు, మిగతావాళ్ళకి బాగా ధర తగ్గించారని చెప్పారు. పూర్తి ధర విన్నవాళ్ళలో 85 శాతం మందికి నొప్పి తగ్గింది, తగ్గింపు ధర విన్నవాళ్ళలో 61 శాతానికే. మాత్రలో మందే లేదు. ఉన్న మందంతా మీలోనే ఉందన్నమాట. చూశారా, మీరు తగ్గినా మమ్మల్నే ఆడిస్తారు, పెరిగినా మమ్మల్నే.

మీ మీద నాకు అసలు కోపం నా డబ్బు గురించి కాదు (కొంచెం దాని గురించే). మంచి సరుకు చేసేవాడి గురించి. జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాత కార్ల సంగతి చెబుతూ తేల్చిందిదే: ఏది మంచిదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారు గలవాడు అమ్మడు, తప్పుకుంటాడు. బజార్లో డొక్కులే మిగులుతాయి. దీనికి ఆయనకి 2001లో నోబెల్‌లో వాటా వచ్చింది. నాకు చక్రం వచ్చింది, చేతిలోకి. ఈ డొక్కుల బెడదకి విరుగుళ్ళలో గ్యారంటీ ఒకటని కూడా ఆయన చెప్పారు.

అందుకే నిన్న గ్యారంటీ ఉన్నదాని కోసమే వెళ్ళాను. దొరికింది కూడా. చక్రాలకి ఐదేళ్ళు గ్యారంటీ, స్క్రూలతో బిగించినవి, విడిగా అమ్ముతారు కూడా. అస్తరు జిప్పు షాపతనే తీసి చూపించాడు. చీటీ మీద ఒకటే ధర. నేను అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"ఇంతకుముందు ఎంత ఉండేదండీ?"

"ఇంతే."

"అంతకుముందు?"

"ఇంతేనండీ."

మీరు లేని చీటీని చూస్తే ఎందుకో నమ్మకం కలగలేదు. రేపొస్తానని చెప్పి బయటపడ్డాను. పక్క షాపులో మీరు కనబడ్డారు, రెండు గీతలతో.

ఈ ఉత్తరం రైల్వే ప్లాట్‌ఫాం మీద కొత్త సూట్‌కేసు మీద కూర్చుని రాస్తున్నాను. కూర్చోవడానికైతే బాగానే ఉంది.

ఇట్లు,
మీ విధేయుడు