గెలాక్సీ మధ్యలో అన్ని పాజిట్రాన్లు ఎక్కడివి? అక్కా తమ్ముళ్ళ వాదన

తమ్ముడు: అక్కా, ఎలక్ట్రానూ, దాని వ్యతిరేక కణం పాజిట్రానూ కలిసి రెండూ మాయమైతే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలొస్తాయి, దాన్ని 1970ల్లోనే బెలూన్లకి డిటెక్టర్లు కట్టి పాలపుంత మధ్య వైపు నుంచి పట్టుకున్నారు, 2002లో వెళ్ళిన ఇంటెగ్రల్ ఉపగ్రహం అయితే మ్యాపే గీసింది. అందులో మధ్య ఉబ్బు ధగధగలాడుతోంది, కొత్త నక్షత్రాలు పుట్టే డిస్క్ వెలవెలబోతోంది. నక్షత్రాల పనే అయితే ఇలా ఉంటుందా? డార్క్ మ్యాటరే, అదే కంటికి కనపడకుండా గురుత్వాకర్షణతోనే తెలిసే పదార్థం, మధ్యలోనే కదా అది చిక్కగా ఉండేది.

అక్క: మధ్యలో చిక్కగా ఉండేవి ముసలి నక్షత్రాలు కూడారా. అలాంటి నక్షత్రం చచ్చాక మిగిలే చిన్న గట్టి గోళం, వైట్ డ్వార్ఫ్, పేలితే రేడియోధార్మిక కోబాల్ట్-56 కుప్పలుగా పుడుతుంది, అది ఐరన్‌గా మారేటప్పుడు ఐదింట ఒక వంతు సార్లు పాజిట్రాన్ వదుల్తుంది. డిస్క్‌లో వెలుగుకి, అలాగే పాజిట్రాన్లు వదిలే అల్యూమినియం-26 చాలావరకు సరిపోతుంది, దాని సొంత గామా గీత 1809 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపిస్తూనే ఉంది.

తమ్ముడు: పుట్టడం సరే, ఆ పేలుడు శకలాల్లోంచి బయటపడాలిగా! అక్కడే చిక్కుకుని అక్కడే ఎలక్ట్రాన్లతో కలిసిపోతే మనకి కనిపించేదేంటి?

అక్క: అది గట్టి ప్రశ్నే, కాదనను. కొద్ది శాతం తప్పించుకున్నా చాలు కానీ తప్పించుకుంటున్నాయని ఎవరూ నిరూపించలేదు. మరి నీ వైపు చూడు, డార్క్ మ్యాటర్ కణం బరువైనదైతే పాజిట్రాన్లు మహా వేగంతో పుట్టి, నెమ్మదించకముందే కొన్ని ఎలక్ట్రాన్లని ఢీకొని 511 కంటే పైన గామా కాంతి ఇవ్వాలి, అది అంతగా కనపడలేదు, అందుకే పుట్టేటప్పుడు శక్తి 3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు దాటకూడదని 2006లోనే లెక్క తేల్చారు.

తమ్ముడు: తేలికైన డార్క్ మ్యాటర్ అని 2004లోనే ప్రతిపాదించారుగా.

అక్క: అయితే మన చుట్టూ తిరిగే బుల్లి గెలాక్సీలు కూడా వెలగాలి, వాటిలో నక్షత్రాలు తక్కువ, డార్క్ మ్యాటర్ ఎక్కువ. 39 వెతికితే రెటిక్యులమ్-2 దగ్గర ఒక్కచోట చిన్న సూచన తప్ప గట్టిగా ఏమీ దొరకలేదు. ఇంకోటి, అసలు మనందరం మర్చిపోయేది, ఆ మ్యాప్ పాజిట్రాన్లు చచ్చిన చోటు చూపిస్తుంది, పుట్టిన చోటు కాదు. మధ్యలో ఎంత దూరం ప్రయాణించాయో ఎవరికి తెలుసు?

తమ్ముడు: ఆ లెక్కన నీ వైట్ డ్వార్ఫ్‌లకీ సాక్ష్యం లేనట్టే.

అక్క: ఒప్పుకుంటా. నాసా కోసీ అనే గామా కిరణాల టెలిస్కోప్‌ని 2027లో పంపుదామనుకుంటోంది, ఉబ్బు ఆకారం ఇంకా బాగా కనిపిస్తే చూద్దాం, అక్కడి నక్షత్రాల గుంపులాగా పొడుగ్గా సాగి ఉందా, నీ డార్క్ మ్యాటర్‌లాగా గుండ్రంగా ఉందా అని.

తమ్ముడు: గుండ్రంగా వస్తే మాత్రం నేను ఊరుకోను అక్కా.