సూర్యుడి దారికి అడ్డంగా నిలబడ్డ గేటు గారికి

మహారాజశ్రీ గేటు గారికి, శ్రీకాకుళం నుంచి ఒక రిటైరైన బస్సు డ్రైవరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు ఉన్నచోటే ఉన్నారనీ, ఎటూ కదల్లేదనీ తలుస్తాను. ఆ రోజు కాస్త కదిలి ఉంటే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

నేనెవరో తమకు గుర్తుండకపోవచ్చు. పోయిన మే నెల చివరి వారం, అమెరికాలో మోంటానా రాష్ట్రం, గ్లేసియర్ నేషనల్ పార్కులో అవలాంచ్ అనే చోట, పొద్దున పదిన్నరకు తమ ముందు ఒక కారు ఆగింది. మంకీ క్యాపు పెట్టుకున్న అరవై నాలుగేళ్ళ మనిషి దిగి, నడుం మీద చేతులు వేసుకుని తమని చాలాసేపు ఎగాదిగా చూశాడు. అది నేనే. అవలాంచ్ అంటే మంచు చరియలు విరిగిపడటమని అర్థమట. చోటి పేరే అలా ఉంటే గేటు ఎలా ఉంటుందో ముందే ఊహించాల్సింది.

ముందు నా అర్హతలు చెప్పుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో స్టీరింగు పట్టాను. అందులో పదకొండేళ్ళు ఘాట్ సర్వీసు. విజయనగరంలో బయల్దేరి, లారీల ఊరు సాలూరు దాటి, సుంకి మీదుగా కొరాపుట్ వరకు. కుండపోతలో ఎక్కాను, అద్దం ముందు చెయ్యి కనపడని పొగమంచులో దిగాను. దారే లేని రోజులు ఉన్నాయి గాని, దారి లేదని నాకు చెప్పిన గేటు మాత్రం లేదు. ఆ సంగతి ప్రయాణికులూ నేనూ కలిసి స్వయంగా కనుక్కునేవాళ్ళం.

అసలు నన్ను పడగొట్టింది మీ రోడ్డు పేరు. 'నాన్నా, ఈసారి నీకు నచ్చే చోటుకి తీసుకెళ్తాను. సూర్యుడి దగ్గరికి వెళ్ళే రోడ్డు' అన్నాడు మా అబ్బాయి. గోయింగ్ టు ది సన్ రోడ్ అట. అరసవల్లి గుడి గంట వినపడేంత దూరంలో పుట్టి పెరిగినవాడికి ఆ పేరు చెబితే ఇంక ఇంట్లో ఉంటాడా? రెండు విమానాలు మారి వచ్చాను.

మా వాడు కంప్యూటర్ మనిషి. ఏ హోటలుకి ఎన్ని నక్షత్రాలు, కారుకి అద్దె ఎంత, నాన్నకి అన్నం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ నెల ముందే చూసి పెట్టాడు. రోడ్డు ఉందా లేదా అన్నది ఒక్కటే చూడలేదు. వాడిని తప్పు పట్టను. ఎంత దూరం వెళ్ళినా శ్రీకాకుళం వాడే కదా. రోడ్డు బాగుందా అని అడగడం మాకు తెలుసు గాని, రోడ్డు ఉందా అని అడగడం తెలియదు. ఏప్రిల్‌లో కనిపించిన రోడ్డు జనవరిలో ఎక్కడికి పోతుంది?

తమ వెనక నాకు మంచు అనేదే కనపడలేదు. ఎండ కాస్తోంది. రోడ్డు నల్లగా, పొడిగా, కడిగి ఆరబెట్టినట్టుంది. ఒక్క గుంత లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు తెరిచి ఇచ్చిన రోడ్లలో అలాంటిది చూడలేదు. చూడక చూడక ఒకటి కనపడితే దాన్ని మీరు మూసి పెట్టుకున్నారు.

నాకు ఇంకా కష్టంగా తోచింది మరొకటి. తమ పక్కన మనిషి లేడు. మా వైపు గేటంటే గేటు కాదండీ, దాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి. అడవి చెక్‌పోస్టులో వెదురు గెడకి ఒక చివర రాయి కట్టి ఉంటుంది, రెండో చివర తాడు ఉంటుంది, ఆ తాడు ఆయన చేతిలో ఉంటుంది. 'ఏ ఊరు?' అంటాడు. ఊరు చెబుతాం. 'అయితే ఫలానావారు మీకు ఏమవుతారు?' అంటాడు. ఏదో ఒకటి అవుతారు, అవకుండా ఎక్కడికి పోతారు! గెడ లేస్తుంది. రైలు గేటు సంగతి సరేసరి. గేటు పడగానే మోటారు సైకిలుని పడుకోబెట్టి, తలకాయ వంచి, అటువైపు తేలేవాళ్ళని చూస్తే అది గేటా, వ్యాయామశాలా అనిపిస్తుంది. తమకి ఊరు లేదు, బావమరిది లేడు, టీ తాగరు. ఒక ఇనుప అడ్డు, ఒక బోర్డు. రోడ్డు మూసి ఉంది, అంతే. ఎవరితో మాట్లాడమంటారు?

మా వాడు తప్పు చేసిన మొహంతో ఫోనులో చదివి వినిపించడం మొదలుపెట్టాడు. పార్కుని ఈ చివర నుంచి ఆ చివరకు దాటే ఈ రోడ్డు యాభై మైళ్ళు. 1933 జూలైలో కొండ మీద సభ పెట్టి ప్రారంభించారు. పైన లోగన్ పాస్ అనే కనుమ 6,646 అడుగుల ఎత్తు. మన మహేంద్రగిరి ఐదు వేల అడుగులకి కాస్త తక్కువ, దాని మీద ఇంకో పదిహేడు వందల అడుగులు వేసుకోండి. ఏటా అక్టోబర్ నడిమికి పై భాగం మూస్తారు. ఏప్రిల్ మొదట్లో మంచు తీయడం మొదలుపెడితే జూన్ చివరకో జూలైలోనో తెరుచుకుంటుంది. ఫలానా తేదీ అని ముందుగా చెప్పరు. కనుమకి కాస్త తూర్పున 'పెద్ద కుప్ప' అనే చోట గాలి మంచుని ఎగదోసుకొచ్చి పోస్తుంది, కొన్నేళ్ళు ఎనభై అడుగుల దాకా.

'ఎనభై అడుగులంటే ఎంత?' అంది మా ఆవిడ.

'ఉద్దానంలో బాగా ఎదిగిన కొబ్బరిచెట్టంత' అన్నాను. అన్నాక నోరు పెగల్లేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు నాకు జరిగిన అవమానాల సంగతి. మొదటిది, నిండు వేసవిలో వచ్చినా తమరు నా బస్సుని పోనివ్వరట. అవలాంచ్ నుంచి అటువైపు రైజింగ్ సన్ అనే చోటు దాకా ఇరవై ఒక్క అడుగుల కంటే పొడవైన బండికీ, ఎనిమిది అడుగుల కంటే వెడల్పైన దానికీ ప్రవేశం లేదు. నేను నడిపిన బస్సు ముప్పై అడుగుల పైమాటే. సగానికి కోసి తీసుకురావాలన్నమాట. రెండోది, పడమటి నుంచి కనుమ ఎక్కేదాకా దారిలో జడపిన్ను మలుపు ఒక్కటే ఒక్కటట. ఒక్క మలుపుని ఘాట్ అంటారటండీ? దాన్ని మా సాలూరు డ్రైవర్లు ఒక చేత్తో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ దాటేస్తారు.

మూడోది అవమానం కాదు, చుట్టరికం. 1936 నుంచి 1939 లోపు చేయించిన ముప్పై మూడు ఎర్ర బస్సులు ఈ కొండ మీద తిరిగేవట, మరమ్మతులు చేసుకుని నేటికీ తిరుగుతున్నాయి. పైన గుడ్డ కప్పు, మడిచేయవచ్చు. ఎర్ర బస్సు! ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. వాటి డ్రైవర్లకి జామర్లని పేరు. ఏటవాలులో గేరు పడక కరకరమని బలవంతంగా తోసేవారట, ఆ చప్పుడుని బట్టి వచ్చిన పేరు. తమకి ఇవతల నిలబడి ఆ పేరు పలికి చూసుకున్నాను. సుంకి ఎక్కేటప్పుడు రెండో గేరు పడక, కండక్టరు నా వంక జాలిగా చూసిన రోజులు నాకూ ఉన్నాయి. నన్ను మాత్రం ఎవరూ జామరు అనలేదు. వేరే మాటలు అన్నారు.

'పోనీ కొలరాడో వెళ్దామా నాన్నా, అక్కడ ట్రైల్ రిడ్జ్ రోడ్డని ఉంది, ఇంకా ఎత్తు, 12,183 అడుగులు' అన్నాడు మా వాడు. మాట పూర్తికాకుండానే ఫోను చూసుకుని ఊరుకున్నాడు. అక్కడ కూడా తమ మేనమామ ఒకరున్నారట. యోసెమిటీలో టియోగా రోడ్డు గేటు అయితే 2023లో జూలై 22 దాకా తెరుచుకోలేదట. అప్పటికి మా పక్క వరినాట్లు పడుతుంటాయి. తమ వంశమంతా ఇంతేనని అర్థమైంది.

కొబ్బరిచెట్టు సంగతి చెబుతానన్నాను.

మా వైపు రోడ్డు మూయడానికి కార్యాలయమూ తేదీలూ ఉండవు. ఒక చింతకొమ్మ, రెండు రాళ్ళు, ఆ కొమ్మకి ఒక ఎర్రగుడ్డ. ఎవరు పెట్టారో తెలియదు, అవతల వంతెన కూలిందో, ఎవరింట్లోనైనా పెళ్ళి పందిరో తెలియదు. వంతెన బాగుచేశాక కూడా కొమ్మ తీసే బాధ్యత ఎవరిదీ కాదు. ఎండి, ఆకు రాలి, చివరికి ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు. ఆ రోజు రోడ్డు అధికారికంగా తెరుచుకున్నట్టు.

కాని 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు చింతకొమ్మలు కూడా అక్కర్లేకపోయింది. ఉద్దానం కొబ్బరితోటలే రోడ్ల మీద పడుకున్నాయి. నాలుగో రోజో ఐదో రోజో పలాస నుంచి మందస వైపు పల్లెవెలుగు తీశాను. అప్పటికి జనమే గొడ్డళ్ళూ రంపాలూ పట్టుకుని, పడ్డ మానుల్ని సరిగ్గా ఒక బస్సు పట్టేంత మేర కోసి, ముక్కల్ని పక్కకి దొర్లించి ఉన్నారు. రెండు పక్కలా కోసిన మొదళ్ళు, మధ్యలోంచి నా బస్సు. కిటికీలోంచి పచ్చి మాను వాసన, దానికింద నీళ్ళలో నానిన కాయల పులుపు వాసన. నా వెనక సీటులో కూర్చున్న ముసలాయన ఒక మాను దగ్గర 'కాస్త మెల్లగా పోనీ బాబూ' అన్నాడు. గోతులకని బ్రేకు వేశాను. 'ఇది మాది' అన్నాడు. బస్సు దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మా వాడు ఫోనులో ఫోటో చూపించాడు. రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో సన్నగా రోడ్డు, దాని మీద బొమ్మలా ఒక మంచు తోసే యంత్రం. మంచు కింద రోడ్డు అంచు ఎక్కడుందో పైకి కనపడదు, పక్కన లోయ, నెత్తిన ఎప్పుడు జారుతుందో తెలియని చరియ. ఆ బండిలో కూర్చున్నవాడి జీతమెంతో తెలియదు గాని, ఎంతైనా తక్కువే. రోడ్డు పక్కన ఆపుగా పెట్టే దుంగల్ని కూడా మంచు చరియలు ఊడ్చుకుపోకుండా శీతకాలానికి తీసేసి, వసంతంలో వందల కొద్దీ మళ్ళీ బిగిస్తారట. ఊడదీసింది మళ్ళీ బిగిస్తారన్న మాట దగ్గర నేను మా వాణ్ణి రెండుసార్లు చదవమన్నాను. మా వైపు ఒక ఘాట్‌లో, పేరెందుకు లెండి, మలుపు దగ్గర కూలిన పిట్టగోడ నేను కుర్రవాడిగా ఉద్యోగంలో చేరినప్పుడు ఎలా ఉందో, రిటైరయ్యేటప్పుడు కూడా అలాగే ఉంది. దాన్ని గుర్తుగా పెట్టుకునే స్టీరింగు తిప్పేవాణ్ణి. కట్టేస్తే దారి తప్పేవాణ్ణేమో.

ఇదంతా విని మెత్తబడ్డానని అనుకోకండి. అప్పుడే తమ పక్కనుంచి ఆరేళ్ళ పిల్ల చిన్న సైకిలు తొక్కుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. తల మీద గులాబీరంగు హెల్మెట్టు. వెనక వాళ్ళ నాన్న. దర్జాగా, నవ్వుతూ! నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ అభ్యంతరం లేదట, మంచు తీసే పని జరుగుతున్న చోటికి పోకుండా ఉంటే చాలట. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసుకి ఆగమని, ఆరేళ్ళ పిల్లకి రమ్మని.

'తాతయ్యా, మనం కూడా నడుద్దాం' అంది మనవరాలు. 'పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నాను, ఈ మనిషి కొండ మీద కాలు కింద పెట్టింది లేదు, పద' అంది మా ఆవిడ. ఎలుగుబంట్లుంటాయని మరో బోర్డు. చప్పుడు చేస్తూ నడిస్తే అవి తప్పుకుంటాయట. ఎలుగుబంట్లు మాకు కొత్త కాదు, ఉద్దానం జీడితోటల్లో పిక్కలు ఏరడానికి వెళ్ళేవాళ్ళకి వాటి భయం రోజూ ఉండేదే. మా ఆవిడ కొంగు బిగించి, గొంతెత్తి ఆదిత్యహృదయం అందుకుంది. సూర్యుడి రోడ్డు మీద ఇంతకంటే ఏం కావాలి? ఎదురొచ్చిన ఇద్దరు దొరలు సైకిళ్ళు ఆపి, టోపీలు తీసి, అది పూర్తయ్యేదాకా నిలబడ్డారు. ఎలుగుబంటి రాలేదు.

రెండు మైళ్ళు నడిచాం. మా ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు పక్కన ఏరు వినపడింది. పైన కరుగుతున్న మంచంతా రాళ్ళ మీద పడి వస్తున్న చప్పుడు. నాకు వింతగా అనిపించింది. పదకొండేళ్ళు ఘాట్‌లో తిరిగినవాణ్ణి, కొండ చప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఇంజను చప్పుడు, వెనక వాంతి చేసుకునేవాళ్ళ చప్పుడు.

ఇంటికి వచ్చాక డిపో పక్క టీ బడ్డీ దగ్గర పాత మిత్రులు అడిగారు, సూర్యుడి దగ్గరికి వెళ్ళావా అని. గేటు వేసి ఉందన్నాను. 'డ్రైవరువని చెప్పలేకపోయావా?' అన్నారు. చెప్పాను. అది పట్టించుకోలేదన్నాను. ఎవరూ నమ్మలేదు.

వాళ్ళకి చెప్పనిది తమకి చెబుతాను. అరసవల్లిలో మార్చిలో రెండు రోజులు, అక్టోబర్‌లో రెండు రోజులు తెల్లవారి కిరణాలు అనివెట్టి మండపం దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. కొన్ని నిమిషాలే. ఒక ఏడాది డ్యూటీ మార్పించుకుని, చీకటితోనే వెళ్ళి వరసలో నిలబడ్డాను. వేళకి తూర్పున మబ్బు కమ్మింది. ఇంతమంది జనంలో ఒక్కరూ మబ్బుకి ఉత్తరం రాస్తాననలేదు. పక్కన నిలబడ్డాయన చెప్పుల టోకెను వెతుక్కుంటూ 'రేపు కూడా ఉంది కదండీ' అన్నాడు. మర్నాడు డ్యూటీ ఉంది, వెళ్ళలేకపోయాను.

ఇట్లు,
తమ దర్శనం మాత్రమే అయిన
ఒక డ్రైవరు

తా.క.: వచ్చే జూలైకి టికెట్లు తీస్తానంటున్నాడు మా వాడు. అద్దె కారు పొడవు ఇరవై ఒక్క అడుగుల లోపే, కనుక్కోమన్నాను. మంకీ క్యాపు ఉతికి పెట్టాను. అప్పటికీ తమరు అక్కడే అడ్డంగా ఉంటే, మా ఆవిడని ముందు పంపిస్తాను. ఆదిత్యహృదయం ఆవిడకి మొత్తం వచ్చు.